చవక కండెన్సర్ మైకు: మార్పుల్లో మర్మమెంత, మేలెంత?

ఇంట్లో ఒక మూల కూర్చుని పాట పాడి, కథ చదివి, డబ్బింగ్ చెప్పి లోకమంతటికీ వినిపించగల రోజులివి. హైదరాబాద్ అద్దె గదుల్లోని గాత్రకళాకారుల నుంచి అమెరికాలో పిల్లల కోసం తెలుగు కథలు రికార్డు చేసే తల్లిదండ్రుల దాకా చాలామంది చేతికి మొదట వచ్చేది చవక కండెన్సర్ మైకే. కొన్న కొత్తలో దాని స్పష్టత చూసి సంబరపడతారు. నాలుగు పాటలు రికార్డు చేశాక అసంతృప్తి మొదలవుతుంది. స, శ, చ అక్షరాలు చెవిలో గుచ్చుకుంటాయి. వయొలిన్ కీచుమంటుంది. తాళాల శబ్దం ఇసుక రాలినట్టు గరగరలాడుతుంది. గొంతు పక్కన సన్నటి రొద ఒకటి వదలకుండా నడుస్తుంది.

అప్పుడు వచ్చే ప్రశ్న ఒకటే. కొత్త మైకు కొనాలా, ఉన్నదాన్ని విప్పి బాగుచేసుకోవాలా? దీనికి మూడు రకాల జవాబులు వినిపిస్తాయి. కెపాసిటర్లు మారిస్తే చాలనేవారు కొందరు. శబ్దాన్ని పట్టే భాగమైన క్యాప్సూల్ మార్చకుండా ఎన్ని మార్చినా వృథా అనేవారు కొందరు. మైకు జోలికే పోవద్దు, సాఫ్ట్‌వేర్‌లో ఈక్విలైజర్ తిప్పుకోండి అనేవారు ఇంకొందరు. ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది. ఎవరి మాట ఎంతవరకు చెల్లుతుందో తేల్చడమే ఈ సమీక్ష పని.

తేల్చడానికి ఒక కొలబద్ద కావాలి. ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర శబ్దం ఎక్కువగానో తక్కువగానో రావడమే లోపమైతే దాన్ని ఈక్విలైజర్ సరిచేస్తుంది, అందుకోసం మైకు విప్పనక్కర్లేదు. రొద, వక్రీకరణ, లోహపు జాలీలో ప్రతిధ్వనులు, పక్కల నుంచి వచ్చే శబ్దాన్ని మైకు పట్టే తీరు మాత్రం ఈక్విలైజర్‌కు లొంగవు. స్క్రూడ్రైవర్ పట్టాల్సింది వాటి కోసమే.

వెనుక కథ

కండెన్సర్ మైకును 1916లో అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో ఇ.సి. వెంటే రూపొందించాడు. సూత్రం చాలా సులువు. ఒక లోహపు పలక, దాని ఎదుట వెంట్రుక కన్నా సన్నని ఎడంలో బిగించిన పల్చటి పొర, అంటే డయాఫ్రమ్. రెండూ కలిసి ఒక కెపాసిటర్. గాలి కదిలితే పొర కదులుతుంది, పొర కదిలితే విద్యుత్ విలువ మారుతుంది. బెర్లిన్‌లో గియోర్గ్ న్యూమన్ 1928లో స్థాపించిన సంస్థ ఈ సూత్రాన్ని స్టూడియో పరికరంగా తీర్చిదిద్దింది. 1949 నాటి యు47, 1960 నాటి యు67, 1967 నాటి యు87 ఆ పరంపరలోవే. ఇవాళ్టి చవక మైకుల్లో అధికభాగం రూపంలోనో క్యాప్సూల్‌లోనో వీటికి నకళ్లే.

మైకుకు తీగ గుండానే 48 వోల్టులు పంపే ఫాంటమ్ పవర్‌కూ ఒక చరిత్ర ఉంది. 1966లో నార్వే రేడియో కోసం న్యూమన్ ట్రాన్సిస్టర్ మైకు తయారుచేసింది. అక్కడి స్టూడియోల్లో అత్యవసర దీపాల కోసం 48 వోల్టుల సరఫరా అప్పటికే ఉంది. దాన్నే వాడుకున్నారు, ఆ అంకే ప్రపంచమంతటా స్థిరపడింది. అంతకు నాలుగేళ్ల ముందు, 1962లో, బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ విద్యుదావేశాన్ని శాశ్వతంగా పట్టి ఉంచే పొరతో ఎలెక్ట్రెట్ మైకు తయారుచేశారు. మైకు చవకవడానికి బాట వేసింది అదే.

మిగతా పని చైనా కర్మాగారాలు చేశాయి. బీజింగ్‌లో 1950ల్లో తూర్పు జర్మనీ సాయంతో కట్టిన 718 ఉమ్మడి కర్మాగారంలో ఒక విభాగం 797. దాని పక్కనున్న 798 విభాగం నేడు కళాకారుల పేటగా పేరుపొందింది. 797 మాత్రం మైకుల తయారీలో నిలిచింది. 1990ల మొదట్లో ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ ఫ్రీడ్‌మన్ చైనా నుంచి ఒక పెద్ద డయాఫ్రమ్ మైకు తెప్పించి, దానికి మార్పులు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. రోడ్ మైక్రోఫోన్స్ అలా పుట్టింది. చవక మైకును విప్పి బాగుచేయడం కాలక్షేపం మాత్రమే కాదని, అదే పనిమీద ఒక పెద్ద పరిశ్రమే లేచిందని ఈ ఉదాహరణ రుజువు చేస్తుంది.

అదే దశాబ్దంలో సోవియట్ యూనియన్ పతనం తర్వాత రష్యాలోని తులా పట్టణం నుంచి ఒక్తావా మైకులు పాశ్చాత్య దేశాలకు చవకగా చేరాయి. క్యాప్సూల్ మంచిది, దాని చుట్టూ ఉన్న దళసరి లోహపు చట్రం మంచిది కాదు. ఎంకె-219 తల విప్పి లోపలి జాలీ తీసేయడం, ఒకటి రెండు విడిభాగాలు మార్చడం అప్పట్లో ఇంటి స్టూడియోలవారికి తొలి పాఠమైంది.

అసలు చిక్కు: ఒకరి క్యాప్సూల్, మరొకరి సర్క్యూట్

చవక మైకు ఎందుకు గుచ్చుకుంటుంది? చాలా మైకుల విషయంలో కారణం నాసిరకం సరుకు కాదు, పొంతన లేకపోవడం.

యు67 కోసం న్యూమన్ రూపొందించిన కె67 క్యాప్సూల్ స్వభావరీత్యా పై స్థాయిలను ఎక్కువచేసి చూపిస్తుంది. అయిదారు కిలోహెర్ట్జ్ దాటాక దాని స్పందన గట్టిగా పైకి లేస్తుంది. ఆ సంగతి న్యూమన్ ఇంజనీర్లకు తెలుసు. అందుకే యు67లోనూ ఆ తర్వాత యు87లోనూ సర్క్యూట్‌లో నెగటివ్ ఫీడ్‌బ్యాక్ పెట్టి, ఆ అదనపు ట్రెబుల్‌ను దించేశారు. క్యాప్సూల్ పెంచింది, సర్క్యూట్ తగ్గించింది, చివరకు వినిపించేది సమంగా ఉంది.

చవక మైకుల తయారీదారులు ఆ క్యాప్సూల్‌ను నకలు చేశారు. సర్క్యూట్ మాత్రం జర్మనీలోనే మరో సంస్థ షోప్స్ వారి సీఎంసీ 5 మాదిరిది తీసుకున్నారు. ఒక ఫెట్ (ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్), రెండు మామూలు ట్రాన్సిస్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. చవక, చిన్నది, శుభ్రమైనది. షోప్స్ వారి చిన్న క్యాప్సూళ్లు మొదటినుంచే సమంగా పలుకుతాయి కాబట్టి వారి సర్క్యూట్ ఏమీ పెంచదు, ఏమీ తగ్గించదు. కె67 నకలును తెచ్చి దీనికి తగిలిస్తే ఆ పెరిగిన ట్రెబుల్ దించేవారు లేక నేరుగా బయటికి వస్తుంది. స, శ, చ గుచ్చుకోవడానికి మూలం ఇదే. కోస్తాలో దంత్యంగా పలికే చ, జ ధ్వనుల్లో ఈ స్థాయిల శక్తి ఎక్కువ కాబట్టి తెలుగు గొంతులో ఈ లోపం మరింత కొట్టొచ్చినట్టు వినిపిస్తుంది.

దీనికి సర్క్యూట్ మార్గం ఉంది. ఫెట్ పైకాలు, కిందికాలు రెండింటి నుంచీ ఎదురెదురు సంకేతాలు బయలుదేరతాయి. ఆ రెండింటి మధ్య కొన్ని నానోఫారడ్ల కెపాసిటర్ ఒకటి పెడితే ట్రెబుల్ క్రమంగా దిగుతుంది. ఎంత విలువ అన్నది అక్కడి రెసిస్టర్లను బట్టి లెక్కకట్టాలి, ఇంకొకరి మైకుకు సరిపోయిన విలువ మన మైకుకు సరిపోదు. ఫ్రీక్వెన్సీకి సంబంధించిన లోపమే కాబట్టి మన కొలబద్ద ప్రకారం దీన్ని ఈక్విలైజర్‌తోనూ తీర్చవచ్చు. ఆరు కిలోహెర్ట్జ్ పైన మూడు నుంచి అయిదు డెసిబెల్స్ మృదువుగా దించి వినండి. మైకు బాగుపడిందనిపిస్తే టంకం పెట్టాల్సిన అవసరం లేదు. ఎడిటింగ్ లేకుండా నేరుగా ప్రసారం చేసేవారికి మాత్రం ఆ కెపాసిటర్ నిజంగా ఉపయోగం.

క్యాప్సూల్ మార్పు

ఏది మారిస్తే ఎక్కువ తేడా వినిపిస్తుందని అడిగితే జవాబు క్యాప్సూలే. గొంతును మొదట పట్టేది అదే. పక్కల నుంచీ వెనుక నుంచీ వచ్చే శబ్దాన్ని ఏ రంగులో పట్టాలో నిర్ణయించేదీ అదే. ఆ గుణాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ మార్చలేదు.

మన బజారులో బీఎం-800 పేరుతో దొరికే మైకులు దీనికి మంచి ఉదాహరణ. ఆ పేరుతో అమ్మేవన్నీ ఒకే తయారీవి కావు. చాలావాటి జాలీ విప్పితే పెద్ద గూట్లో ఒక చిన్న ఎలెక్ట్రెట్ క్యాప్సూల్ కనిపిస్తుంది. పెద్ద డయాఫ్రమ్ మైకని కొన్నవారికి అక్కడ నిరాశ తప్పదు. ఈ చిన్న క్యాప్సూల్ తీసి 25 మిల్లీమీటర్ల మంచి ఎలెక్ట్రెట్ క్యాప్సూల్ పెట్టడం ఎక్కువమంది చేసే మార్పు. తేడా వెంటనే తెలుస్తుంది, రొద కూడా తగ్గుతుంది.

ఎలెక్ట్రెట్ తీసేసి 34 మిల్లీమీటర్ల అసలైన కండెన్సర్ క్యాప్సూల్ పెట్టాలనుకుంటే మాత్రం ఒక విషయం గమనించాలి. చిన్న ఎలెక్ట్రెట్ క్యాప్సూల్ కడుపులోనే ఫెట్ ఉంటుంది. పెద్ద క్యాప్సూల్‌లో అది ఉండదు. పైగా దానికి ఆవేశం కోసం నలభై అరవై వోల్టుల సరఫరా, ఆ సరఫరాకు గిగాఓమ్ స్థాయి రెసిస్టర్లు కావాలి. అంటే సర్క్యూట్ అంతా కొత్తగా కట్టాలి. అప్పుడు పాత మైకులో మిగిలేది గొట్టం, జాలీ మాత్రమే. చేయకూడదని కాదు, అది మార్పు కాదు నిర్మాణమని తెలిసి చేయాలి.

పెద్ద క్యాప్సూల్ అన్నివేళలా మెరుగన్న నమ్మకమూ సరికాదు. చిన్న క్యాప్సూల్ పక్కల శబ్దాన్ని మరింత సమంగా పడుతుంది. మృదంగానికి, వీణకు అది వరం కావచ్చు. ఎంఎక్స్‌ఎల్ 990 లాంటి మైకుల్లో పెద్ద తల కింద మధ్యస్థ పరిమాణపు క్యాప్సూల్ ఉండటం దానికదే నేరం కాదు. కొత్త క్యాప్సూల్ కొనేముందు దిగుమతి సుంకం కలుపుకొని ధర చూసుకోండి. క్యాప్సూల్ ఖరీదు మైకు ఖరీదును మించిపోయే సందర్భాలు తక్కువేమీ కాదు.

కెపాసిటర్ల మీద భక్తి

అన్నిటికన్నా ఎక్కువ ప్రచారం పొందిన మార్పు కెపాసిటర్లది. ఇందులో ఒక నిజం, ఒక భ్రమ కలిసి ఉన్నాయి.

నిజం ఇది. చవక బోర్డుల మీద గొంతు సంకేతం నడిచే దారిలో సిరామిక్ కెపాసిటర్లు పెడతారు. వీటిలో ఎక్కువ విలువను చిన్న పరిమాణంలో ఇరికించిన రకాలకు రెండు దుర్గుణాలు ఉన్నాయి. వోల్టేజి మారితే వాటి విలువ మారుతుంది, దాంతో వక్రీకరణ వస్తుంది. ఒత్తిడి తగిలితే అవే విద్యుత్తు పుట్టిస్తాయి, అంటే అవే చిన్న మైకులవుతాయి. దీన్ని ఎవరైనా పరీక్షించవచ్చు. మైకు పని చేస్తుండగా చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని, చెక్క పుల్లతో లోపలి కెపాసిటర్‌ను మెల్లగా తట్టండి. టక్‌మన్న చప్పుడు గట్టిగా వినిపిస్తే ఆ ముక్కను ఫిల్మ్ రకానికి మార్చడం వల్ల నిజమైన లాభముంది. పాలీస్టైరీన్, పాలీప్రొపిలీన్ రకాలు ఇక్కడ నమ్మకమైనవి. సిరామిక్‌లోనే సీ0జీ అనే స్థిరమైన రకం ఉన్నచోట మార్చనక్కర్లేదు.

భ్రమ ఇది. క్యాప్సూల్ పక్కనున్న కెపాసిటర్ విలువ పెంచితే బేస్ పెరుగుతుందంటారు. లెక్క కట్టి చూద్దాం. సాధారణంగా అక్కడ 1000 పికోఫారడ్లు, దాని వెంట 1 గిగాఓమ్ రెసిస్టర్ ఉంటాయి. వాటి కోత ఫ్రీక్వెన్సీ 0.16 హెర్ట్జ్. మనిషి చెవికి వినిపించే హద్దు 20 హెర్ట్జ్. క్యాప్సూలే 60 పికోఫారడ్లయితే అదే రెసిస్టర్‌తో దాని హద్దు 2.7 హెర్ట్జ్‌కు కాస్త తక్కువ. అంటే బేస్‌కు అడ్డు అక్కడ లేదు. వందల రూపాయలు పోసి పేరుగొప్ప కెపాసిటర్ పెట్టినా చెవికి కొత్తగా చేరేదేమీ లేదు.

రొద సంగతి వేరు. అది ఈక్విలైజర్‌కు లొంగదు కాబట్టి ఇక్కడ చేసే పనికి విలువ ఉంది. గిగాఓమ్ రెసిస్టర్ విలువ తక్కువగా ఉంటే పెంచాలి. విలువ పెరిగేకొద్దీ దాని రొద వినిపించని అతి తక్కువ ఫ్రీక్వెన్సీల్లోకి దిగిపోతుంది. నాసి ఫెట్ స్థానంలో తక్కువ రొద ఉన్న ఫెట్ పెట్టడం, సరఫరాలోని జీనర్ డయోడ్ రొదను ఆపడానికి వడపోత కెపాసిటర్ పెంచడం కూడా ఫలితమిచ్చేవే. ఫెట్ మార్చినప్పుడు దాని పని వోల్టేజిని మళ్లీ సరిచూడాలి, లేకపోతే గట్టి స్వరాల దగ్గర శబ్దం పగులుతుంది. చవక అంటేనే రొద అనుకోవడం మాత్రం పొరపాటు. రోడ్ ఎన్‌టీ1-ఏ సొంత రొద 5 డెసిబెల్స్, దానికన్నా ఎన్నో రెట్లు ఖరీదైన యు87 ఏఐది 12. ఖరీదుకూ నిశ్శబ్దానికీ ముడి లేదు.

తల, గొట్టం, తేమ

మైకు తల మీది జాలీలో రెండు మూడు పొరలుంటాయి. క్యాప్సూల్‌ను తాకిన శబ్దంలో కొంత ఆ పొరలకు కొట్టుకుని వెనక్కి వస్తుంది. అసలు శబ్దం, ఆలస్యంగా వచ్చిన నీడ కలిసి కొన్ని ఫ్రీక్వెన్సీలను తినేస్తాయి. లోపలి సన్నజాలీ తీస్తే ఈ పెట్టె శబ్దం తగ్గుతుంది. ఖర్చు లేని మార్పు ఇదే. బదులుగా ప, భ అక్షరాల గాలి దెబ్బ ఎక్కువ తగులుతుంది కాబట్టి పాప్ ఫిల్టర్ తప్పనిసరి. పక్కన మొబైల్ ఉంటే దాని గరగర దూరే అవకాశమూ పెరుగుతుంది. గొట్టాన్ని గోటితో కొడితే గంటలా మోగితే లోపల బరువైన రబ్బరు పట్టీ అంటించండి.

మన తీరప్రాంతంలో ఇంకో శత్రువు ఉంది, తేమ. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి చోట్ల మైకు చిటపటలాడితే అందరూ క్యాప్సూల్ చెడిందనుకుంటారు. చాలాసార్లు అసలు దోషి బోర్డు మీద మిగిలిన టంకం జిగురు. గిగాఓమ్ రెసిస్టర్ల చుట్టూ ఆ జిగురు తేమ పీల్చి, విద్యుత్తుకు దొంగదారి ఇస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆ భాగాన్ని మెత్తని బ్రష్‌తో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఆపై వేలితో తాకకుండా మూసేస్తే ఎన్నో మైకులు బతుకుతాయి. డయాఫ్రమ్ మీద మాత్రం ఆల్కహాల్ పడకూడదు, వేలు తగలకూడదు, నోటితో ఊదకూడదు. వాడని వేళ సిలికా జెల్ సంచులతో మూతపెట్టెలో ఉంచడం చేయగలిగిన అతి చవకైన రక్షణ.

ఒక హెచ్చరిక. ఫెట్ మైకులో ఫాంటమ్ పవర్ ఆపి కొన్ని నిమిషాలు ఆగి విప్పితే చాలు. వాల్వ్ మైకుల సరఫరా పెట్టెల్లో మాత్రం వంద వోల్టులకు పైబడి ఉంటుంది. అనుభవం లేనివారు వాటి జోలికి వెళ్లవద్దు.

మెరుగైందని ఎలా తెలుస్తుంది?

మార్పు చేసినవారి సాక్ష్యమే మనకు దొరికే సాక్ష్యాల్లో బలహీనమైనది. గంటలు కూర్చుని టంకం పెట్టిన చేతికి ఫలితం తియ్యగానే వినిపిస్తుంది. కాస్త గట్టిగా వినిపించేది బాగున్నట్టు తోచడం మనిషి చెవి స్వభావం.

అందుకే ఒకే రకం మైకులు రెండు ఉంటే ఒకదాన్నే మార్చండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకే గొంతును ఒకేసారి రికార్డు చేయండి. రెండింటి స్థాయినీ డెసిబెల్‌లో పదో వంతు దాకా సమం చేయండి. స, శ, చ ఎక్కువగా ఉన్న వాక్యం ఒకటి, తాళంచెవుల గుత్తి కదిపిన శబ్దం ఒకటి, గది నిశ్శబ్దం అరనిమిషం తీసుకోండి. తాళంచెవుల శబ్దం వక్రీకరణను ఇట్టే పట్టిస్తుంది, గది నిశ్శబ్దం రొదను బయటపెడుతుంది. ఏది ఏ మైకో తెలియకుండా ఇంకొకరి చేత వినిపించుకుని ఎంచండి. అప్పుడూ మార్చినదే ఎంచితే ఆ మార్పు నిజం.

తీర్పు

మూడు పక్షాలకూ చెప్పదగిన మాట ఇది. ఈక్విలైజర్ పక్షం ట్రెబుల్ విషయంలో నెగ్గింది. క్యాప్సూల్ పక్షం మైకు స్వభావం విషయంలో నెగ్గింది. కెపాసిటర్ పక్షం సిరామిక్ ఉన్నచోట మాత్రమే నెగ్గింది, మిగతాచోట్ల ఓడింది.

అయితే ఈ మూడింటికన్నా ముందు గది ఉంది. గచ్చు నేల, సున్నం గోడలు, పైన తిరిగే ఫ్యాను ఉన్న గదిలో యు87 పెట్టినా చవక మైకులాగే పలుకుతుంది. కాబట్టి ఖర్చుకు ఒక వరస పెట్టుకోండి. మొదట ఫ్యాను ఆపి, మైకు వెనుకా మీ వెనుకా బొంతలు, పరుపులు నిలబెట్టి, నోటికి జానెడు దూరంలో పాడి చూడండి. తర్వాత ఈక్విలైజర్‌తో ట్రెబుల్ దించండి. ఆ తర్వాత లోపలి జాలీ తీసి, బోర్డు కడగండి. అప్పటికీ రొదా గరగరా మిగిలితే సిరామిక్ కెపాసిటర్లు, ఫెట్ మార్చండి. క్యాప్సూల్ మార్పును చివర పెట్టుకోండి. ఈ వరసలో మొదటి మూడు మెట్లకు దాదాపు ఖర్చే లేదు, చాలామంది ఇంటి కళాకారుల అవసరం ఆ మూడింటితోనే తీరిపోతుంది.

విప్పడానికి జంకే పిల్లలకు, ముఖ్యంగా ఎలక్ట్రానిక్స్ చదువుతున్నవారికి ఒక మాట. వెయ్యి రెండు వేల రూపాయల మైకు మీరు కొనగలిగిన మంచి ప్రయోగశాలల్లో ఒకటి. ఫెట్, ఫీడ్‌బ్యాక్, వడపోత, రొద, ఇంపిడెన్స్ అన్నీ పుస్తకంలో చదివినవే, ఇక్కడ చెవికి వినిపిస్తాయి. విప్పండి, కొలవండి, రాసుకోండి. మీరు మార్చిన ప్రతి విడిభాగానికీ ఎందుకు మార్చారో ఒక్క వాక్యంలో చెప్పగలిగితేనే టంకం పెట్టండి.